మిగిలిన టైల్స్‌తో వరద గోదారి: గోడ బొమ్మ ఎలా చేయాలి

ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ మేస్త్రి టేపు పట్టుకుని గదులన్నీ కొలిచి, "కటింగుల్లో పోతాయండీ, నూటికి పది ఎక్కువ తెప్పించండి" అంటాడు. ఆ మాట సరైనదే. కాకపోతే గృహప్రవేశం అయ్యాక ఆ మిగిలినవన్నీ మెట్ల కిందో అటక మీదో చేరతాయి. కొన్నాళ్లకు వాటి మీద కొబ్బరికాయల గుట్ట లేస్తుంది. రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా కొత్తగా కట్టిన ఏ ఇంట్లో వెతికినా ఒకటి రెండు పెట్టెల సరుకు దొరుకుతుంది.

వాటిలో కొన్నిటితో గోడకు తగిలించుకునే బొమ్మ చేసే పద్ధతి చెబుతాను. టైల్ ముక్కలతో పాటు కొబ్బరి చిప్ప, పీచు తాడు, నరసాపురం లేసు, గవ్వలు కూడా కలుపుతాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బొమ్మ గురించి బాగా ఆలోచిస్తారు గానీ వెనక పలక ఏమిటి, జిగురు ఏమిటి, ఏ నీళ్లు కలుపుతున్నాం అనేది పట్టించుకోరు. మన తడి నేలలో, ఉప్పు గాలిలో బొమ్మ నాలుగు కాలాలు నిలిచేదీ మొదటి వానాకాలంలోనే రాలిపోయేదీ ఆ మూడింటి మీదే ఉంటుంది.

ముందు ఒక జాగ్రత్త. ఉన్నవన్నీ పగలగొట్టేయకండి. ప్రతి రకంలో నాలుగైదు నిండు టైల్స్ దాచండి. టైల్స్ బ్యాచ్‌ల వారీగా తయారవుతాయి, అదే డిజైన్ మళ్లీ కొన్నా రంగు ఒక పిసరు తేడా వస్తుంది. పెట్టె మీది లేబుల్‌ను, అందులో ఉండే బ్యాచ్ నంబరూ షేడ్ నంబరూ కనపడేలా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ప్లంబర్ వచ్చి పైపు కోసం బాత్రూమ్ గోడ తవ్వితే దాచిన ఆ నాలుగే దిక్కు.

ఉన్న రంగులే బొమ్మను చెప్పనివ్వండి

"మా దగ్గరున్నవన్నీ తెలుపూ గోధుమేనండీ, రంగులేవీ?" అని చాలామంది దిగులుపడతారు. దిగులెందుకు? ఉన్న టైల్స్ అన్నీ రకానికొకటి చొప్పున తెచ్చి వాకిట్లో పరచండి. హాల్లో వేసిన ఐవరీ, పోర్టికోలో వేసిన ఇటుక రంగు, వంటింటి గోడకు వేసిన బిస్కెట్ రంగు. ఇవన్నీ కలిస్తే వచ్చేది వరద గోదారి. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం ఆనకట్ట మీద నుంచి చూస్తే నది ఎక్కడా నీలంగా ఉండదు. ఎర్రనీరు. గట్టు దగ్గర ఇటుక రంగు, నడుమ గోధుమ, ఎండ పడిన చోట పాలిపోయిన మీగడ రంగు. అందరి ఇళ్లలో ఎక్కువగా మిగిలేవి సరిగ్గా ఆ టైల్సే.

బాత్రూముల్లో మిగిలిన లేతాకుపచ్చ కొబ్బరి ఆకులకు, లేత నీలం ఆకాశానికి సరిపోతాయి. వంటింటి బల్లకు వేసిన నల్ల గ్రానైట్ ముక్క ఉంటే గట్టు నీడకు పనికొస్తుంది. ముందే ఏదో బొమ్మ అనుకుని దానికి కావాల్సిన రంగులు బజారులో వెతుక్కుంటూ పోతే అది మిగిలిన సరుకుతో చేసిన పని కాదు, కొత్త ఖర్చు. ఒకటి రెండు రంగులు మరీ తక్కువైతే తణుకు, భీమవరం, అమలాపురం లాంటి ఊళ్లలో టైల్స్ షాపుల వాళ్లను అడగండి. పాత శాంపిల్ ముక్కలు, మూల విరిగినవి వాళ్లకు అడ్డమే.

పగిలిన పెంకులతో పెద్ద పనులే జరిగాయి. చండీగఢ్‌లో రోడ్ల శాఖలో పనిచేసే నేక్‌చంద్ 1957లో ఎవరికీ చెప్పకుండా పగిలిన పింగాణీ, గాజులు, టైల్ ముక్కలు పోగేసి బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అదే రాక్ గార్డెన్‌గా 1976లో జనానికి తెరిచారు. మనం చేసేది రెండడుగుల పలక.

కొలత: 2 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు ఎత్తు. అంటే 3 చదరపు అడుగులు. మొదటిసారికి ఇంతకు మించి వద్దు. చదరపు అడుగుకు గోడ టైల్ కిలోన్నర, నేల టైల్ రెండు కిలోల దాకా తూగుతుంది. పలక, జిగురు, గ్రౌట్ (ముక్కల నడుమ సందులు నింపే సిమెంటు ముద్ద) కలుపుకుంటే మొత్తం 8 నుంచి 10 కిలోలు. గోడకు వేలాడేది అంత బరువు అని ఇప్పుడే గుర్తుంచుకోండి.

టైల్‌ను తిరగేసి చూడండి

టైల్ వెనకవైపు చెంచాడు నీళ్లు పోయండి. నిమిషంలో పీల్చేసుకుంటే అది మామూలు సిరామిక్ గోడ టైల్. నీళ్లు అలాగే నిలబడితే విట్రిఫైడ్. విట్రిఫైడ్ టైల్ తన బరువులో నూటికి అర వంతు నీళ్లు కూడా పీల్చదు, సిరామిక్ గోడ టైల్ నూటికి పది వంతులకు పైగానే పీలుస్తుంది.

ఈ తేడా ఎందుకంటే, ఉత్త సిమెంటు పట్టుకోవాలంటే టైల్ కొంచెమైనా నీరు పీల్చాలి. పీల్చని విట్రిఫైడ్ ముక్కకు సిమెంటు పాలు పూసి అంటిస్తే ఆరాక గోటితో తీసినా ఊడి వస్తుంది. దానికి పాలిమర్ కలిసిన టైల్ అడెసివ్ గానీ, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు గానీ తప్పదు. రెండు రకాలూ కలిసే ఉంటాయి కాబట్టి అన్నిటికీ టైల్ అడెసివ్ వాడితే గొడవ లేదు.

కోయడంలోనూ తేడా ఉంది. సిరామిక్ మెత్తన, చేతి పనిముట్లకు లొంగుతుంది. విట్రిఫైడ్ మొండిది. ఇంకో సంగతి: విట్రిఫైడ్‌లో డబుల్ చార్జ్ అనే రకంలో రంగు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు దాకా ఉంటుంది, ముక్క అంచు కూడా అదే రంగులో కనిపిస్తుంది. పైన మాత్రమే డిజైన్ ప్రింటు చేసిన రకం పగిలితే అంచున లోపలి మట్టి రంగు బయటపడుతుంది. అది చెడ్డేం కాదు, తర్వాత గ్రౌట్ రంగు ఎంచుకునేటప్పుడు చూసుకోవాలంతే.

వెనక పలక

ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. పాత టేబులు చెక్క, సెల్ఫు నుంచి ఊడిన మామూలు ప్లై, అట్టలాంటి ఎమ్‌డీఎఫ్ ఏవీ వద్దు. వానాకాలం నాలుగు నెలలూ మన ఇళ్లలో ఉప్పు డబ్బా కూడా నీరుకారుతుంది. ఆ చెమ్మకు చెక్క ఉబ్బుతుంది, వేసవిలో మళ్లీ ముడుచుకుంటుంది. టైల్ ఉబ్బదు, ముడుచుకోదు. ఈ లాగులాటలో జిగురు ఓడిపోతుంది.

అన్నిటికన్నా మంచిది పార్టిషన్లకు వాడే ఫైబర్ సిమెంట్ బోర్డు, 10 లేదా 12 మిల్లీమీటర్ల మందం. ఎవరింట్లోనైనా పని జరుగుతుంటే ముక్క ఊరికే వస్తుంది. అది దొరక్కపోతే ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటికి ఓర్చే మెరైన్ ప్లై, 12 మిల్లీమీటర్లది. ప్లై అయితే ముందువైపు చాకుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత పూయండి. వెనకవైపూ నాలుగు అంచులూ ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేయండి. అంచులు వదిలేస్తే చెమ్మ అక్కడి నుంచే దూరుతుంది.

వేలాడదీసే కొక్కేలు ఇప్పుడే బిగించండి. వెనక పై నుంచి మూడో వంతు కిందికి, రెండు పక్కలా రెండు ఇనుప రింగులు, స్క్రూ మొన ముందుకు పొడుచుకు రాకుండా చూసుకోవాలి. టైల్స్ అంటించాక డ్రిల్లు పెడితే ఆ అదురుకు ముక్కలు వదులవుతాయి.

పలక తడి గోడకు ఆనకుండా నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు అంటిస్తే వెనక గాలి ఆడుతుంది. మన పాత ఇళ్లలో గోడలు కింద నుంచి చెమ్మ లాగుతాయి కదా, అందుకే బొమ్మను నేరుగా గోడ మీదే అంటించే పద్ధతి నేను ఎవరికీ చెప్పను.

బొమ్మ గీయడం

పలక సైజు పాత క్యాలెండర్ కాగితం తీసుకుని వెనకవైపు గీయండి. సన్నని వివరాలు వద్దు. కింద మూడింట రెండు వంతులు నీళ్లు, పైన సన్నగా అవతలి గట్టు, దానిపైన ఆకాశం. కుడి పక్క నుంచి నీళ్ల మీదికి వాలిన ఒక కొబ్బరి చెట్టు. నడుమ తెరచాప పడవ. ఇప్పుడు గోదారిలో తెరచాపలు అరుదే, నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లే పంటు (జనాన్నీ బళ్లనూ రేవు దాటించే పెద్ద పడవ) గీసినా ఎవరూ కాదనరు. కానీ మన దగ్గర లేసు ఉంది, దానికి తెరచాప కుదిరినట్టు పంటు కుదరదు.

కొబ్బరి చెట్టును నిటారుగా గీయకండి. కాలవ గట్టు మీద చెట్టు ఎక్కువగా నీళ్ల వైపు వంగే పెరుగుతుంది. నిటారుగా పెడితే చూసినవాళ్లు తాటిచెట్టు అనుకుంటారు.

కాగితం కింద కార్బన్ పెట్టి పలక మీదికి గీతలు దించండి. ఏ చోట ఏ టైలో కాగితం మీద రాసుకుని, ఆ కాగితం పక్కన పెట్టుకోండి.

పగలగొట్టడం, కోయడం

కళ్లకు తెల్ల కళ్లద్దాలు, చేతులకు మందపాటి గ్లవ్స్, కాళ్లకు బూట్లు. చెప్పులతో కూర్చోకండి. టైల్ పెంకు గాజంత పదును, నునుపు పూత నుంచి లేచే చిన్న పలుకు నేరుగా కంట్లోకి ఎగురుతుంది. పిల్లలకు పేర్చే పని ఇవ్వండి, పగలగొట్టేది ఇవ్వకండి.

ఆకాశానికి, గట్టుకు అడ్డదిడ్డం ముక్కలు చాలు. టైల్‌ను మెరుపు వైపు కిందికి పెట్టి గోనె సంచిలో చుట్టి, నడుమ సుత్తితో ఒకే దెబ్బ వేయండి. విప్పి చూసి, పెద్ద ముక్కలను మళ్లీ ఒక్కొక్కటిగా కొట్టండి. వరసపెట్టి బాదితే మిగిలేది పొడే.

నీళ్లకూ ఆకులకూ మాత్రం పట్టీలు కావాలి. సిరామిక్ అయితే చేతి టైల్ కట్టర్ చాలు. మెరుపు వైపు గట్టిగా నొక్కి ఒకేసారి గీత గీయాలి. గీత మీద మళ్లీ గీస్తే విరుపు పక్కకు పోతుంది. గీత కింద సన్నని ఊచ పెట్టి రెండు పక్కలా అరచేతులతో నొక్కితే టక్కున విరుగుతుంది. విట్రిఫైడ్ కోసం తెలిసిన మేస్త్రిని పట్టుకోండి. ఆయన మిషన్ మీద అర అంగుళం పట్టీలు పది నిమిషాల పని. "మంచి టైల్‌ను ముక్కలు చేయమంటారేంటండీ?" అని నవ్వుతాడు, నవ్వనివ్వండి. కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పోస్తూ కోయమనండి. పొడి కోతలో లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటకు రాదు. ఎన్95 మాస్కు ఆయనకూ ఒకటి ఇవ్వండి.

పట్టీలను ముక్కలు చేసేది టైల్ నిప్పర్, అంటే టైల్‌ను కొరికే పటకారు. హార్డ్‌వేర్ షాపులో కొన్ని వందల్లో వస్తుంది. దీన్ని వాడటంలో ఒక కిటుకు ఉంది. ముక్కను నిప్పర్ నోట్లోకి మొత్తం దూర్చకూడదు, అంచు మీద రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పట్టించి నొక్కాలి. విరుపు నిప్పర్ నోరు ఎటు చూస్తే అటే పోతుంది. ఏటవాలుగా పెడితే ఏటవాలుగా, నిలువుగా పెడితే నిలువుగా.

కొబ్బరి మట్టకు ఇలా చేయండి. లేతాకుపచ్చ సిరామిక్ పట్టీని ఏటవాలుగా కొరికితే ఒక మూల సూదిగా, ఇంకో మూల మొద్దుగా ఉండే ముక్క వస్తుంది. మొద్దు కొస ఈనె వైపు, సూది కొస కిందికి. ఒక్కో మట్టకు రెండు పక్కలా కలిపి ఇరవై దాకా పడతాయి. మొదట్లో ఆకులు పొడుగ్గా, చివరికొచ్చేసరికి పొట్టిగా ఉండాలి. అన్నీ ఒకే పొడవు పెడితే అది మట్టలా కాక దువ్వెన అయిపోతుంది. పాత బాత్రూమ్ ముదురాకుపచ్చ ఒక ముక్క దొరికితే వెనక మట్టలకు వాడండి, చెట్టుకు లోతు వస్తుంది. ఎండిన మట్ట ఒకటి గోధుమ రంగులో కిందికి వేలాడదీస్తే కోనసీమ వాళ్లెవరైనా గుర్తుపట్టి తీరతారు.

చేత్తో తాకే అంచులను సానరాయి మీద గానీ వాటర్ పేపర్‌తో గానీ తడిపి రుద్దండి.

పేర్చి, ఆ తర్వాతే అంటించండి

జిగురు లేకుండా మొత్తం ఒకసారి పేర్చండి. ఇక్కడ తొందరపడకండి, ఒక రాత్రి అలా వదిలేసి పొద్దున్నే మళ్లీ చూస్తే తప్పులు తెలుస్తాయి. ముక్కకూ ముక్కకూ నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచండి.

నీళ్లు పేర్చడమే ఈ బొమ్మలో అసలు పని. వరద గోదారిలో సముద్రం లాంటి అలలుండవు. నీరు పొరలు పొరలుగా ఒకే వైపు లాగుతుంది. అందుకే పొడుగు పట్టీలను అడ్డంగా, కొంచెం వంపుగా, ఒకదాని కొసను ఇంకొకటి దాటేలా పెట్టండి. దగ్గరి నీళ్లకు వెడల్పు ముక్కలు, ఇటుక రంగు ఎక్కువ. దూరం పోయే కొద్దీ సన్నని ముక్కలు, ఐవరీ ఎక్కువ. ఒకే ఒక్క చోట పట్టీలను గుండ్రంగా తిప్పి సుడి పెట్టండి. రెండు పెడితే చూపు ఎక్కడా నిలవదు. మిగిలిన ఆకుపచ్చ పలుకులను అక్కడక్కడ గుంపుగా వేస్తే కొట్టుకొచ్చే గుర్రపుడెక్క అవుతుంది.

ఇక అంటించడం. టైల్ అడెసివ్ పొడిని నీళ్లలో కలపాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. ఉండలు లేకుండా కలిపి, ఐదు పది నిమిషాలు ఆగి, మళ్లీ కలిపి వాడండి. పలక మీద అరచేతి మేర మాత్రమే పూస్తూ వెళ్లండి. ఎండాకాలం, ముఖ్యంగా రోహిణి కార్తెలో పావుగంటకే పైన పొర కడుతుంది. పొర కట్టాక ముక్క పెడితే అంటినట్టే ఉండి తర్వాత రాలుతుంది. వేలితో తాకితే జిగురు వేలికి అంటాలి, లేకపోతే గీకేసి కొత్తది పూయండి. చిన్న ముక్కలకు ఐస్‌క్రీం పుల్లతో వెనక రాసి పెట్టండి. గోడ టైల్ 7, 8 మిల్లీమీటర్లు, నేల టైల్ 9, 10 మిల్లీమీటర్లు ఉంటాయి కాబట్టి పలచటి వాటికి కింద కొంచెం ఎక్కువ జిగురు పెట్టి మట్టం చూసుకోండి.

ముక్కల వెనక దుమ్ము ఉంటే ఏ జిగురూ పట్టదు. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అంటించాక ఒక రోజు, ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులు కదపకండి.

చిప్ప, పీచు, గవ్వలు, లేసు

పడవకు కొబ్బరి చిప్ప. ముదురు కాయ చిప్పను హాక్సా బ్లేడుతో నిలువుగా కోస్తే వచ్చే పొడుగు ముక్కకు పడవ వంపు దానంతటదే ఉంటుంది. బయటి పీచు గాజు పెంకుతో గీకి, వాటర్ పేపర్ ముందు గరుకుది, తర్వాత నునుపుది పెట్టి రుద్దితే నల్లటి మెరుపు వస్తుంది. లోపల కొబ్బరి పొర రవ్వంత కూడా మిగలకూడదు, మిగిలితే చీమలు పడతాయి, బూజు పడుతుంది. చిప్ప వంపుగా ఉంటుంది కనుక పలకకు ఆనదు. వెనక ఖాళీని ఎమ్-సీల్ ముద్దతో నింపి అంటించండి. గ్రౌట్‌కు ముందే చిప్పకు వార్నిష్ పూయాలి, లేకపోతే సిమెంటు నీళ్లు పీల్చుకుని తెల్లగా మచ్చలు పడుతుంది.

గవ్వలూ ఆల్చిప్పలూ అంతర్వేది తీరం నుంచి తెచ్చుకుంటే ఉప్పు వదిలేదాకా మంచినీళ్లలో మూడు నాలుగు రోజులు నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చండి. ఇసుక కలపాల్సి వస్తే నది ఇసుకే, సముద్రపు ఇసుక వద్దు. ఉప్పు ఏ రూపంలో లోపలికి వెళ్లినా ఆరాక గ్రౌట్ మీద తెల్లటి పొడిలా పైకి తేలుతుంది. తీరం పక్క ఊళ్లలో బోరు నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి, కాబట్టి జిగురుకూ గ్రౌట్‌కూ తాగే నీళ్లే వాడండి. కావాల్సింది ఒకటి రెండు లీటర్లే కదా.

తెరచాపకు లేసు. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు క్రోషియా సూదితో అల్లే ఈ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంచులు కత్తిరించిన ముక్కలు, అల్లిక తప్పిన ముక్కలు మనకు చాలు. మంచి లేసును దీనికి కోయకండి, ఒక్కో జాన వెనక ఎవరి కళ్లు ఎంత అలిసాయో. తెల్ల లేసు తెల్ల టైల్ మీద కనపడదు, తెరచాప ఆకారంలో కోసిన ముదురు గోధుమ సిరామిక్ ముక్క మీద పెట్టండి. నున్నటి పూత మీద ఫెవికాల్ నిలవదు కాబట్టి ముందు ఆ పూతను వాటర్ పేపర్‌తో మెరుపు పోయేలా రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి లేసు ముంచి, పిండి, ముక్క మీద పరచి వేళ్లతో అద్దండి. అల్లిక కన్నాల్లో నిలిచిన జిగురును తడి గుడ్డ కొసతో తీసేస్తేనే కన్నాలు తెరుచుకుని కింది రంగు కనిపిస్తుంది. రోజంతా ఆరాక నీటితో కలిసే రకం క్లియర్ వార్నిష్ రెండు పూతలు. నూనె వార్నిష్ అయితే కొన్నాళ్లకు లేసు పసుపు రంగుకు తిరుగుతుంది. ఈ తెరచాప ముక్కను గ్రౌట్ పని అంతా అయ్యాకే దాని చోట అంటించాలి.

లేసు అంటించడం కష్టమనిపిస్తే ఇంకో దారి. లేసును టైల్ మీద గట్టిగా పరచి పైనుంచి స్ప్రే పెయింటు కొట్టి తీసేయండి. అల్లిక ముద్ర పడుతుంది. నాకు మటుకు అసలు లేసే అందం.

వార్నిష్, లక్కర్ పనులు ముసురులో పెట్టుకోకండి. గాల్లో తడి ఎక్కువుంటే లక్కర్ పాలలా తెల్లబారిపోతుంది. మన వైపు దీపావళి నుంచి శివరాత్రి దాకా ఈ పనికి అనువైన రోజులు.

గ్రౌట్

తెల్ల గ్రౌట్ పెట్టకండి. తెల్ల సందులు ఒక్కో ముక్కనూ విడదీసి చూపిస్తాయి, నది కాస్తా పెంకుల కుప్ప అవుతుంది. తెల్ల సిమెంటులో రెడ్ ఆక్సైడ్, కొంచెం ఎల్లో ఆక్సైడ్, చిటికెడు బ్లాక్ కలిపితే వరద నీటి రంగు వస్తుంది. మన పాత ఇళ్ల ఎర్ర గచ్చులకు వాడిన పొడి ఈ రెడ్ ఆక్సైడే. రంగు పొడి సిమెంటు బరువులో పదో వంతు దాటితే బలం తగ్గుతుంది. తడి మీద ముదురుగా కనిపించి ఆరాక లేతబడుతుంది, ముందు ఒక పాత ముక్క మీద పూసి ఆరనిచ్చి చూడండి. ఆకాశం వైపు వేరుగా లేత బూడిద రంగు కలుపుకోవచ్చు.

గట్టి ఇడ్లీ పిండిలా కలిపి, రబ్బరు ముక్కతో సందులకు ఏటవాలుగా రుద్దుతూ నింపండి. చేతికి రబ్బరు గ్లవ్స్ ఉండాలి, సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి, గట్టిగా పిండిన స్పాంజితో పైపైన తుడవండి. స్పాంజిలో నీళ్లు ఎక్కువుంటే సందుల్లో రంగు కడుక్కుపోతుంది. గంటాగి పొడి గుడ్డతో రుద్దితే పైన పట్టిన తెల్ల మసక పోయి టైల్స్ మెరుస్తాయి. మర్నాటి నుంచి రెండు మూడు రోజులు రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరించండి, పలక ప్లై అయితే పలచగా.

మసక పోలేదని బాత్రూమ్ యాసిడ్ పోసేవాళ్లున్నారు. యాసిడ్ గవ్వలను కరిగిస్తుంది, గ్రౌట్‌ను తినేస్తుంది. ఉత్త నీళ్లూ ఓపికా చాలు.

పీచు తాడు చట్రం చివర్లో. సన్నని కొబ్బరి తాడును మూడు వరసలుగా అంచు చుట్టూ ఎపాక్సీతో అంటించి, రెండు పూతలు వార్నిష్ వేయండి. వేయకపోతే చెమ్మ పట్టి శ్రావణంలో బూజు వాసన వస్తుంది.

తగిలించడం

పది కిలోల బరువుకు మేకు చాలదు. డ్రిల్లుతో కన్నం పెట్టి ప్లాస్టిక్ ప్లగ్గులు దించి, రెండు పక్కలా రెండు స్క్రూలు. ఇటుక మీద పడాలి, పూత మీద కాదు. సున్నపు గోడల పాత మండువా ఇల్లయితే గోడను నమ్ముకోకుండా బల్ల మీద స్టాండు పెట్టి నిలబెట్టండి. మంచం తలవైపు గోడ మాత్రం ఎంత బలమైనదైనా వద్దు.

మిగిలిన చిన్న ముక్కలతో ఇంటి నంబరు పలక చేయొచ్చు, పాత సిమెంటు తులసికోటకు చుట్టూ ముగ్గు వేసినట్టు పేర్చొచ్చు. ఆరుబయట పనులకు ఫెవికాల్, లేసు, పీచు ఏవీ వద్దు, టైల్, అడెసివ్, గ్రౌట్ మాత్రమే. వేడి గిన్నెలు పెట్టుకునే పలకకూ అంతే, వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది. దేవుడి బొమ్మ ఉన్న టైల్ మిగిలితే పగలగొట్టకుండా నిండుగానే వాడండి, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లతో మాట పడతారు.

దేనికీ పనికిరాని పలుకులను కాలవ గట్టు మీద పోయకండి. వేసవిలో కాలవలు కట్టేశాక పిల్లలు చెప్పుల్లేకుండా దిగేది అక్కడికే. పాత పెయింటు డబ్బాలో నింపి మూత బిగించి ఉంచండి, పక్కింట్లో ఎవరైనా పునాది పూడుస్తుంటే మేస్త్రికి ఇచ్చేస్తే లోపల పోసేస్తాడు.